కోర్లు ఎన్నయినా పని ఒక్కటిగా సాగాలి

షాద్‌నగర్‌లో ఒక కేంద్రం ఉంది. నేలను ఫొటోలు తీసే ఉపగ్రహాలు నెత్తి మీదుగా పోయే ఆ పది పన్నెండు నిమిషాల్లో దించే సమాచారాన్ని అక్కడి యాంటెన్నాలు అందుకుంటాయి. 1979లో అమెరికా వారి లాండ్‌శాట్‌తో మొదలైన ఈ కేంద్రం ఇప్పుడు ఇస్రో కింది జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో భాగం. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా షాద్‌నగర్ మహబూబ్‌నగర్ జిల్లాదే, అంటే పాలమూరుదే. పాలమూరు అంటే వలస, నల్లగొండ అంటే ఫ్లోరైడ్ అని రాసే అలవాటు పత్రికల వాళ్లకు ఇంకా పోలేదు గానీ, దేశపు నేల పటాలకు ముడిసరుకు నలభై ఏళ్లకు పైగా దిగుతున్నది ఈ ఎర్రమట్టి మీదికే.

దిగినది దిగినట్టే బొమ్మ కాదు. అది ఒక అంకెల ధార. ముందు దాన్ని పోకుండా భద్రపరచాలి. ఉపగ్రహం కొద్దిగా ఊగినందుకు, భూమి గుండ్రంగా ఉన్నందుకు, కెమెరాలోని సెన్సర్లన్నీ ఒకే తీరుగా లేనందుకు లెక్కలు కట్టి సవరించాలి. అక్షాంశ రేఖాంశాలతో ముడిపెట్టాలి. ఇదంతా పదుల కోర్లున్న సర్వర్ల మీద సాగుతుంది; కోర్ అంటే చిప్‌లో సొంతంగా లెక్కలు చేసే భాగం. ఒక పని ఆలస్యమైతే దాని వెనక ఉన్నవన్నీ ఆగుతాయి, పైన తిరిగే ఉపగ్రహం మాత్రం ఆగదు. వరదలొచ్చినప్పుడు ఏ ఊళ్లు మునిగాయో చూపే పటం అధికారులకు గంటల్లో చేరాలి. యాంటెన్నా చూసేవాళ్లు వేరు, డిస్కులు చూసేవాళ్లు వేరు, ప్రోగ్రాములు రాసేవాళ్లు వేరు. ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా చూసేవాళ్లు మరికొందరు ఉంటారు. ఈ వ్యాసం ఆ చివరివాళ్ల కొలువు గురించి.

ఈ కొలువుకు ఒకే పేరు లేకపోవడం మొదటి చిక్కు. చిప్ కంపెనీలో సిస్టమ్ వ్యాలిడేషన్ ఇంజినీర్ అంటారు, పర్ఫార్మెన్స్ ఇంజినీర్ అంటారు. క్లౌడ్ కంపెనీలో సైట్ రిలయబిలిటీ ఇంజినీర్ అంటారు. సూపర్ కంప్యూటర్ ఉన్న సంస్థలో హెచ్‌పీసీ (హై పర్ఫార్మెన్స్ కంప్యూటింగ్) అడ్మిన్. అన్ని బృందాలనూ ఒక తేదీకి తీసుకొచ్చే పెద్ద పదవికి టెక్నికల్ ప్రోగ్రామ్ మేనేజర్ అని పేరు. ఉద్యోగాల వెబ్‌సైట్‌లో ఒక్క పేరు కొట్టి వెతికితే ఇందులో సగం కంటికి కనపడవు. పేర్లు పక్కనపెట్టి చూస్తే పని మాత్రం ఒక్కటే: హార్డ్‌వేర్ ఏం చేయగలదో, సాఫ్ట్‌వేర్ ఏం అడుగుతోందో రెండూ తెలిసి మధ్యలో నిలబడటం.

మధ్యలో మనిషి ఎందుకు కావలసి వచ్చింది? ఇరవై ఏళ్ల కిందటి దాకా కంప్యూటర్ నెమ్మదిగా ఉంటే ఏడాదిన్నర ఆగితే సరిపోయేది. కొత్త ప్రాసెసర్ వచ్చేది, పాత ప్రోగ్రామే వేగంగా నడిచేది. 2005 ప్రాంతంలో ఆ సుఖం పోయింది. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నా వాటి వేడి ఆ మేరకు తగ్గడం మానేసింది, గడియారం వేగం మూడు నాలుగు గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. ఒక్క కోర్‌ను వేగంగా పరుగెత్తించలేక కంపెనీలు ఒకే చిప్‌లో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఐబీఎం 2001లోనే పవర్4లో రెండు కోర్లు పెట్టింది. ఇంటెల్, ఏఎండీలు 2005లో మామూలు కంప్యూటర్లకూ తెచ్చాయి. ఏఎండీ 2024 అక్టోబరులో విడుదల చేసిన సర్వర్ చిప్‌లలో ఒకదానిలో 192 కోర్లున్నాయి. ఒక బోర్డు మీద అలాంటివి రెండు పెడితే 384. అదే ఏడాది నవంబరులో ప్రపంచ సూపర్ కంప్యూటర్ల పట్టికలో మొదటి స్థానానికొచ్చిన అమెరికా వారి ఎల్ కాపిటాన్‌లో కోర్ల లెక్క కోటీ పది లక్షలు.

కోర్లు పెరిగితే పని అదే లెక్కన తొందరగా అవుతుందని అనిపిస్తుంది. కాదు. మన చెరువుల కింద ఆయకట్టు చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. చెరువు ఒకటి, తూము ఒకటి. కింద మడులు ఎన్ని పెరిగినా తూములోంచి వచ్చే నీళ్లు అన్నే. ఎవరి మడికి ఎప్పుడు మడవ తిప్పాలో నీరటి చూసుకోకపోతే తలమడి తడిసి చివరి మడి ఎండుతుంది, గట్ల మీద గొడవలవుతాయి. కోర్లన్నీ పంచుకునే మెమరీకి దారి ఆ తూము. నీరటి పనిని కొంత ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తుంది, కొంత చిప్ చేస్తుంది, ప్రోగ్రాము రాసినవాడు కొంత చేయాలి. ఈ ముగ్గురూ ఎవరి లెక్క వాళ్లు వేసుకున్నప్పుడే తంటా వస్తుంది.

జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజినీర్ 1967లో చెప్పిన లెక్క ఇప్పటికీ ఇంటర్వ్యూల్లో అడుగుతారు. ఒక పనిలో పదో వంతు తప్పనిసరిగా ఒకదాని తర్వాత ఒకటిగా చేయాల్సి ఉంటే, పదహారు కోర్లు పెట్టినా వేగం పదహారు రెట్లు కాదు, 6.4 రెట్లే పెరుగుతుంది. లక్ష కోర్లు తెచ్చినా పది రెట్లు దాటదు. కాగితం మీద వేసి చూసుకోండి, రెండు నిమిషాల పని. పెద్ద సర్వర్ కొని కూడా సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా ఉందని మొత్తుకునే సంస్థల్లో చాలావాటి కథ ఈ ఒక్క లెక్కలో ఉంటుంది.

వేగం సంగతి అలా ఉంటే, తప్పుల సంగతి ఇంకోటి. ఖాతాలో వెయ్యి రూపాయలున్నాయి. రెండు కోర్లు ఒకేసారి చెరో వంద జమ చేయబోయాయి. రెండూ వెయ్యి అనే చదివాయి, రెండూ పదకొండు వందలు అనే రాశాయి. ఒక వంద మాయం. దీన్ని రేస్ కండిషన్ అంటారు. ఆపడానికి, ఒక్కసారికి ఒక్కరే ముట్టుకునేలా లాక్ వేస్తారు. రెండు లాక్‌లు అవసరమైనచోట ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకోటి పట్టుకుని రెండోదాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే డెడ్‌లాక్. ఈ తప్పులు పొద్దున కనపడి మధ్యాహ్నం కనపడవు. టెస్టింగ్‌లో వెయ్యిసార్లు దాటిపోయి కస్టమర్ దగ్గర మొదటిసారి పట్టుబడతాయి.

1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన నాసా పాత్‌ఫైండర్‌కు ఇదే తరగతి జబ్బు వచ్చింది. దిగిన కొన్నాళ్లకే దాని కంప్యూటర్ తనంతట తాను మళ్లీ మళ్లీ మొదటికి రావడం మొదలైంది. తక్కువ ప్రాధాన్యం ఉన్న వాతావరణ సమాచార పని ఒక లాక్ పట్టుకుని ఉంటుంది. అంతకంటే చాలా ముఖ్యమైన ఇంకో పనికి అదే లాక్ కావాలి. ఈలోగా మధ్య ప్రాధాన్యం ఉన్న ఇంకో పని చొరబడి, లాక్ పట్టుకున్న చిన్న పనిని కదలనివ్వదు. ముఖ్యమైన పని ఎంతకీ పూర్తికాకపోవడంతో కాపలా టైమర్ కంప్యూటర్‌ను రీసెట్ చేసేది. ఇంజినీర్లు భూమి మీద అలాంటి కంప్యూటర్ మీదే ఆ పరిస్థితిని మళ్లీ తెప్పించి, కారణం పట్టుకుని, ఒక చిన్న అమరిక మార్చే ఆజ్ఞను అంగారకుడికి పంపి సరిచేశారు. గమనించాల్సింది ఏమంటే, అందులో ఉన్నది ఒక్కటే ప్రాసెసర్. ఇవాళ మీ చేతిలోని ఫోన్‌లో బహుశా ఎనిమిది కోర్లున్నాయి, పెద్దవి కొన్ని, బ్యాటరీ పొదుపు చేసే చిన్నవి కొన్ని.

హైదరాబాద్‌కు ఈ విద్య కొత్త కాదు. 1980ల చివర్లో అమెరికా తన క్రే సూపర్ కంప్యూటర్లను మనకు అమ్మడంలో ఎన్నో ఆంక్షలు పెట్టింది. పెద్ద ప్రాసెసర్ దొరకనప్పుడు చిన్న ప్రాసెసర్లను చాలా కలిపి పని లాగాలన్న పట్టుదల అప్పుడు వచ్చింది. పుణెలో సీ-డాక్ 1991లో పరమ్ 8000 చేసింది. ఇక్కడ కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ ప్రయోగశాల అనురాగ్, పేస్ అనే సమాంతర కంప్యూటర్‌ను తయారుచేసింది. విమానం చుట్టూ గాలి ఎలా ప్రవహిస్తుందో లెక్కగట్టడం దాని పని, తేలికపాటి యుద్ధవిమానం రూపకల్పనకు అలాంటి లెక్కలు కావాలి. ప్రాసెసర్లను తీగలతో కలపడం ఒక ఎత్తు. ఒకే ప్రాసెసర్ కోసం రాసిన లెక్కను ముక్కలు చేసి, ముక్కల మధ్య అంచుల దగ్గరి విలువలను వేళకు ఇచ్చిపుచ్చుకునేలా చేయడం ఇంకో ఎత్తు. ఈ రెండో ఎత్తు ఇప్పటికీ అంతే కష్టంగా ఉంది. కొలువులున్నదీ అందుకే.

ఇప్పుడు కొలువులు ఎక్కడున్నాయో చూద్దాం. మొదటి చోటు చిప్ కంపెనీలు. హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్, ఇంటెల్, ఎన్విడియా, మైక్రాన్ కంపెనీల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ఏఎండీ 2022లో కొన్న జైలింక్స్‌కు అమెరికా బయట పెద్ద కేంద్రం ఇక్కడిదే. ఇందులో చిప్ గీసే పని ఒక భాగం. చిప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాక దాన్ని బోర్డు మీద పెట్టి, బూట్ చేసి, లైనక్స్ ఎక్కించి, అన్ని కోర్లూ ఒకేసారి పనిచేస్తున్నప్పుడు ఎక్కడ తడబడుతోందో పట్టుకోవడం ఇంకో భాగం. బయట జనం మాట్లాడుకునేది మొదటి దాని గురించే. మనుషులు ఎక్కువ కావలసింది రెండో దానికి. డ్రైవర్లు, ఫర్మ్‌వేర్, బయోస్ రాసేవాళ్లూ ఈ వైపే. కార్లలోనూ ఇప్పుడు బహుళ కోర్ల కంప్యూటర్లు వస్తున్నాయి గనక ఆటోమొబైల్ కంపెనీల ఇంజినీరింగ్ కేంద్రాలకూ ఇదే తెలివి కావాలి.

రెండో చోటు డేటా సెంటర్. మన పాలమూరు, నల్లగొండ జిల్లాల వాళ్లు దీని గురించి కొంచెం నిజం వినాలి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ ప్రారంభించింది. మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో ఇక్కడ పదిహేనేళ్లలో 15 వేల కోట్ల రూపాయల పెట్టుబడితో డేటా సెంటర్లు కడతామని ప్రకటించింది. వాటికి తీసుకున్న స్థలాల్లో షాద్‌నగర్ వైపువీ ఉన్నాయి, అంటే పాత పాలమూరు నేలే. ఊరి పక్కన డేటా సెంటర్ పడితే ఇంటికో ఉద్యోగం వస్తుందని చెప్పే నాయకులను నమ్మకండి. కట్టేటప్పుడు మేస్త్రీలు, కూలీలు చాలామంది కావాలి. నడిచేటప్పుడు లోపల ఉండేది కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ఉండాలంటే ఏం తెలియాలన్నది మన ప్రశ్న.

లోపల రెండు లోకాలు. ఒకటి కరెంటు, చల్లదనం: ట్రాన్స్‌ఫార్మర్లు, యూపీఎస్‌లు, డీజిల్ జనరేటర్లు, చిల్లర్లు. ఎలక్ట్రికల్, మెకానికల్ డిప్లొమా చదివినవాళ్లకు ఇక్కడ చోటుంది, ఈ సంగతి పాలిటెక్నిక్‌లలో చెప్పేవాళ్లు తక్కువ. రెండోది ర్యాక్‌ల లోకం. పాడైన మెమరీ, డిస్కు, పవర్ సప్లై మార్చడం, ఫైబర్ కలపడం, ఎర్రలైటు వెలిగిన సర్వర్ ఏ సంఖ్యదో చూసి టికెట్ మూసేయడం. డేటా సెంటర్ టెక్నీషియన్‌గా చేరినవాళ్లు ఇక్కడే రెండు మూడేళ్లు ఉండి లైనక్స్, నెట్‌వర్కింగ్, పైథాన్ గట్టిగా పట్టుకుంటే సర్వర్లను దూరం నుంచి నడిపే బృందంలోకి వెళ్లగలరు. పట్టుకోకపోతే పదేళ్లయినా డిస్కులే మారుస్తారు. షిఫ్టులుంటాయి, రాత్రి డ్యూటీలుంటాయి. ఆఫర్ తీసుకునే ముందు క్యాబ్ ఉందా, షిఫ్టు ఎన్నాళ్లకొకసారి మారుతుంది, ఉద్యోగం కంపెనీదా కాంట్రాక్టరుదా అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ముఖ్యంగా ఆ మూడో ప్రశ్న.

కొలువులున్న మూడో చోటు ప్రభుత్వ సంస్థలు. షాద్‌నగర్ కేంద్రం ఉన్న ఇస్రోలో ఐటీఐ వాళ్లకు టెక్నీషియన్, ఫస్ట్ క్లాస్ డిప్లొమా వాళ్లకు టెక్నికల్ అసిస్టెంట్, బీటెక్ వాళ్లకు సైంటిస్ట్ లేదా ఇంజినీర్ ఎస్‌సీ అని మూడు మెట్లున్నాయి. డీఆర్‌డీఓలో సైంటిస్ట్ బీకి గేట్ స్కోరు చూస్తారు. 2015లో మొదలైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద దేశంలో చాలా విద్యాసంస్థలకు యంత్రాలు వచ్చాయి, ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ వాటిలో ఒకటి. యంత్రాలు వచ్చినంత వేగంగా వాటిని నడిపేవాళ్లు తయారుకాలేదు. ఈ లోటు చూసే సీ-డాక్ తన ఆరు నెలల పీజీ డిప్లొమాల్లో హెచ్‌పీసీ సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్‌ను కూడా చేర్చింది. ఎంబెడెడ్ సిస్టమ్స్ డిజైన్ కోర్సు అంతకుముందు నుంచే ఉంది. ప్రవేశం సీ-క్యాట్ పరీక్షతో, ఏడాదికి రెండు బ్యాచ్‌లు. అన్ని కేంద్రాల్లో అన్ని కోర్సులూ ఉండవు కాబట్టి దరఖాస్తులో కేంద్రం ఎంచుకునే ముందు చూసుకోవాలి. బీటెక్ అయ్యాక ఏం చేయాలో తోచక అమీర్‌పేటలో గది తీసుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ పరీక్ష గురించే.

అమీర్‌పేట మాట వచ్చింది గనక చెప్పాలి. నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, గద్వాల పిల్లలు బస్సు దిగి మైత్రీవనం చుట్టూ తిరిగి కరపత్రాలు పోగేసుకుంటారు. నలభై అయిదు రోజుల్లో డెవాప్స్, అరవై రోజుల్లో క్లౌడ్. ఆ కోర్సుల్లో నేర్పే పరికరాలు పనికిరానివని కాదు. డాకర్ ఆజ్ఞలు వారంలో వస్తాయి. ఒక కంటైనర్ ఎందుకు నెమ్మదించిందో చెప్పడానికి మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ తెలియాలి, కోర్లు ఎలా పంచుకుంటున్నాయో తెలియాలి. రెండోది తెలిసినవాడికి మొదటిది ఎప్పుడైనా వస్తుంది. తిరగేస్తే జరగదు. పరికరాల పేర్లు మూడేళ్లకోసారి మారతాయి. అడుగున ఉన్నవి కూడా మారతాయి గానీ నెమ్మదిగా: లైనక్స్ కెర్నల్‌లో ఏ పని ఏ కోర్‌కు ఎప్పుడు ఇవ్వాలో తేల్చే పద్ధతిని 2007లో పెట్టి, పదహారేళ్ల తర్వాత 2023లో మార్చారు.

కాబట్టి చదువులో ఏ దారి పట్టాలన్నది చూద్దాం. పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాసి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌ల వంటిచోట డిప్లొమా చేసి, ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరంలో చేరడం చాలామంది చిన్నచూపు చూసే దారి. ఈ రంగానికి అది చక్కటి దారి. చేత్తో బోర్డు పట్టుకున్న అనుభవం ఇంటర్ చదివినవాళ్లకు ఉండదు. పదిలో మంచి మార్కులున్న ఊరి పిల్లలకు ఆరేళ్ల ట్రిపుల్ ఐటీ చదువు ఉంది, బాసరకు తోడు ఈమధ్య మహబూబ్‌నగర్‌లోనూ మొదలైంది. ఎంపీసీ తర్వాత ఈఏపీసెట్ అందరికీ తెలిసిందే. బ్రాంచ్ విషయంలో నా అభిప్రాయం చాలామంది తల్లిదండ్రులకు నచ్చదు: ఏఐ అనే రెండక్షరాలు తోకగా ఉన్న కొత్త బ్రాంచ్‌లో మామూలు కాలేజీలో చేరేకంటే, మంచి ల్యాబ్ ఉన్నచోట ఈసీఈ గానీ మామూలు సీఎస్ఈ గానీ మేలు. ఏఐ నమూనాలు నడిచేది కూడా వేల కోర్ల యంత్రాల మీదే. అవి ఆగిపోతే లేపేవాడికి ఏఐ సిలబస్ కన్నా కంప్యూటర్ ఆర్కిటెక్చర్ అక్కరకొస్తుంది.

మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివేవాళ్లకూ తలుపు మూసుకోలేదు. ఎంసీఏ, ఎంఎస్సీ చేయొచ్చు, లేదా డిగ్రీతోనే లైనక్స్ సపోర్ట్ ఉద్యోగంలో చేరి పైకి పోవచ్చు. ఆలస్యమవుతుంది, అంతే.

ఏ కాలేజీ అయినా నాలుగు సబ్జెక్టులు వదలకూడదు: సీ భాష, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్. మన కాలేజీల్లో ఇవి పరీక్షకు వారం ముందు ఆల్-ఇన్-వన్ కొని గట్టెక్కే సబ్జెక్టులైపోయాయి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ గువాహటి, ఐఐటీ దిల్లీ అధ్యాపకుల కంప్యూటర్ ఆర్కిటెక్చర్, మల్టీకోర్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఆర్పాచి-డ్యూసో దంపతులు రాసిన త్రీ ఈజీ పీసెస్ పుస్తకం నెట్‌లో ఉచితమే. ఇంగ్లిష్ సులువుగా ఉంటుంది. తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లు మొదటి యాభై పేజీలు పళ్లు బిగించి చదివితే తర్వాత అదే సాగుతుంది.

చదవడంతో ఆగితే లాభం లేదు. ఇంట్లో నాలుగు కోర్ల పాత ల్యాప్‌టాప్ ఉంటే చాలు, పెద్ద సర్వర్ అక్కర్లేదు. దాని మీద లైనక్స్ వేయండి. ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే ఎన్ని కోర్లు, ఏ స్థాయి క్యాష్ (కోర్ దగ్గరే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ) ఎంత అన్నది చెబుతుంది. హెచ్‌టాప్ తెరిస్తే కోర్లు ఎలా పనిచేస్తున్నాయో కళ్లకు కనపడుతుంది. ఇప్పుడు సీ భాషలో ఒక లెక్కింపు ప్రోగ్రాము రాయండి: నాలుగు థ్రెడ్‌లు, ఒకే సంఖ్యకు ఒక్కోటి పది లక్షలసార్లు ఒకటి కలపాలి. లాక్ లేకుండా నడిపితే జవాబు నలభై లక్షలు రాదు. మళ్లీ నడిపితే ఇంకో అంకె వస్తుంది. లాక్ పెట్టండి, జవాబు సరిగ్గా వస్తుంది గానీ ఒక్క థ్రెడ్‌తో చేసినదానికంటే నెమ్మదిగా నడవొచ్చు. తర్వాత ఒక్కో థ్రెడ్‌కు వేరే సంఖ్య ఇచ్చి, ఆ నాలుగు సంఖ్యలూ మెమరీలో పక్కపక్కనే ఉంచి చూడండి. పంచుకోకపోయినా నెమ్మదిగానే ఉందే అనిపిస్తుంది. కారణం, క్యాష్ ఒక్కో బైట్‌ను కాకుండా చాలా చిప్‌లలో 64 బైట్ల ముక్కగా తెచ్చుకుంటుంది. ఒకే ముక్కలో ఇరుక్కున్న సంఖ్యల కోసం కోర్లు ఆ ముక్కను అటూ ఇటూ లాక్కుంటాయి. సంఖ్యల మధ్య ఎడం పెంచి మళ్లీ కొలవండి. పర్ఫ్ అనే పరికరంతో క్యాష్ మిస్‌లు లెక్కించి ముందూ తర్వాతా రాసిపెట్టుకోండి. ఈ ఒక్క ప్రయోగాన్ని తన అంకెలతో వివరించగలిగిన అభ్యర్థి నాలుగు సర్టిఫికెట్లున్నవాడి కంటే ఇంటర్వ్యూలో ముందుంటాడు. అడిగేవాళ్లు ఇంజినీర్లు, వాళ్లకు అంకెలు కావాలి.

దాని తర్వాత ఎంఐటీ వారు పాఠాల కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను క్యూఈఎంయూలో నడిపి, అందులోని షెడ్యూలర్ చదవండి. కొన్ని వేల లైన్లలో మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. ఓపెన్‌ఎంపీతో ఒక మాత్రిక గుణకారం, ఎంపీఐతో రెండు కంప్యూటర్లను కలిపి ఒక లెక్క, వీలైతే స్లర్మ్ పెట్టి వరసలో పనులు అప్పగించడం. కాలేజీ ల్యాబ్‌లో మూలన పడేసిన నాలుగు పాత డెస్క్‌టాప్‌లు, ఒక స్విచ్ ఇవ్వమని హెచ్ఓడీని అడిగితే ఫైనలియర్ ప్రాజెక్టుకు అంతకంటే మంచి సరుకు లేదు. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు పట్టుకొచ్చినవాళ్లను ఎదుట కూర్చున్నవాళ్లు అయిదు నిమిషాల్లో పసిగడతారు.

ఇక మేనేజర్ పదవి. బీటెక్ అవగానే ఎంబీఏ చేసి ఇలాంటి వ్యవస్థలను సమన్వయం చేసే ఉద్యోగంలో చేరొచ్చా అని కొందరు అడుగుతారు. చేరడం కుదరొచ్చు, చెల్లడం కష్టం. చిప్ బృందం ఈ తప్పు సాఫ్ట్‌వేర్‌ది అంటుంది, సాఫ్ట్‌వేర్ బృందం హార్డ్‌వేర్‌ది అంటుంది. ఆ గదిలో కూర్చుని ఏ లాగ్ చూస్తే తేలుతుందో చెప్పగలిగినవాడి మాట చెల్లుతుంది. చార్ట్ మీద తేదీలు జరిపేవాడిది చెల్లదు. కొన్నేళ్లు ఒక బృందంలో స్వయంగా పనిచేశాకే ఈ కుర్చీ అచ్చొస్తుంది.

ఆ కుర్చీలో ఏమరుపాటు ఎంత ఖరీదో 2024 జూలై 19న లోకం చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపించి నిలిచిపోయాయి. విమానాలు ఆగాయి, మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. విచారణలో తేలిందేమంటే, సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం 21 అంశాలు వస్తాయనుకుంది, దానికి అందించే భాగం 20 మాత్రమే ఇస్తోంది. పైగా అప్‌డేట్‌ను కొన్ని యంత్రాల మీద నడిపి చూసి విడతలుగా పంపకుండా అందరికీ ఒకేసారి వదిలారు. రెండు బృందాల మధ్య ఒప్పందం రాసిపెట్టడం, మార్పును విడతలుగా పంపడం, తేడా వస్తే వెనక్కి తిప్పే దారి ముందే ఉంచడం ఈ కొలువులో రోజూ చేసే పనులు. బోరుగా ఉంటాయి, నిజమే. ఫర్మ్‌వేర్ ఏ వెర్షన్, డ్రైవర్ ఏ వెర్షన్, రెండూ పొసుగుతాయా అని పట్టికలు చూసుకుంటూ రోజులు గడుస్తాయి. అలాంటి ఓపిక లేనివాళ్లు యాప్‌లు రాసుకోవడం మంచిది, అందులో తప్పేం లేదు.

ఇంకో నైపుణ్యం గురించి కాలేజీల్లో ఎవరూ చెప్పరు, అది రాయడం. ఏదైనా ఆగిపోయినప్పుడు ఎన్ని గంటలకు ఏం జరిగింది, ఎవరు ఏం గమనించారు, ఏం చేస్తే తగ్గింది అని ఎవరినీ నిందించకుండా ఒక పేజీ రాయాలి. సులువైన ఇంగ్లిష్ చాలు, పొడవాటి వాక్యాలు వద్దు. మీ ల్యాప్‌టాప్ మీద చేసిన ప్రతి ప్రయోగానికీ ఇలాంటి పేజీ ఒకటి రాసి గిట్‌హబ్‌లో పెట్టుకోండి. మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో 2023 మేలో, నల్లగొండలో 2023 అక్టోబరులో ఐటీ టవర్లు తెరిచారు. అక్కడి కంపెనీల్లో ఎక్కువగా దొరికేది చిప్‌ల పని కాకపోవచ్చు. సర్వర్ సపోర్ట్, అప్లికేషన్ సపోర్ట్ దొరికితే మాత్రం చేరండి. ఇంటి నుంచే పోయొస్తూ, పనిచేస్తున్న వ్యవస్థ ఎలా చెడిపోతుందో చూసే అవకాశం అది. ఆ ఏడాదిలో రాసిన పేజీలు హైదరాబాద్ ఇంటర్వ్యూలో పనికొస్తాయి.

రెజ్యూమెలో లైనక్స్ తెలుసు, టీమ్ వర్క్ తెలుసు అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ఏ చిప్, ఎన్ని కోర్లు, ఏ ప్రోగ్రాము, ముందు ఎన్ని సెకన్లు పట్టింది, ఏం మార్చారు, తర్వాత ఎన్ని సెకన్లు పట్టింది: ఈ ఆరూ ఒకే వాక్యంలో రాయండి. దాని కింద ఆ పేజీ లింకు పెట్టండి. ఫోన్ నంబరు రెండోసారి సరిచూసుకోండి.